పార్కిన్సన్స్, వణుకు, మెడ తిరుగుడు మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ మందులు వాడేవాళ్ళూ, వాళ్ళని చూసుకునే ఇంట్లోవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. మోతాదు పెంచేది, తగ్గించేది డాక్టరే. కానీ బిళ్ళ ఏ టైముకి పడుతోంది, ఏ తిండితో పడుతోంది, పక్కన ఇంకే బిళ్ళ పడుతోంది అన్నవి ఇంట్లో తేలే విషయాలు. ఇబ్బందులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

పార్కిన్సన్స్‌కిచ్చే సిండోపా 110, ప్లస్ 125, 275 అంటారు. ఈ అంకెలేంటి? ఒకటి దొరక్కపోతే ఇంకోటి వేసుకోవచ్చా?

ఆ అంకె రెండు మందుల మొత్తం. 110లో లెవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 10. ప్లస్ 125లో లెవోడోపా 100, కార్బిడోపా 25. 275లో 250, 25. సి.ఆర్. అని ఉంటే మెల్లగా కరిగే రకం, అందులో ఎక్కువగా 200, 50. టైడోమెట్ లాంటి వేరే కంపెనీ పేర్లలోనూ లోపల ఉండేవి ఈ రెండే. అట్ట వెనక రెండు అంకెలూ అచ్చంగా కలిస్తే కంపెనీ మారినా, జన ఔషధి అంగట్లో కొన్నా పర్వాలేదు.

పొరపాటు జరిగేది అంకె దగ్గరే. 110 బదులు 275 చేతికొస్తే ఒక్కసారిగా రెండున్నర రెట్లు లెవోడోపా లోపలికి పోతుంది. 275ని సగానికి విరిస్తే ప్లస్ 125 అయిపోతుందని కొందరు అనుకుంటారు. అవ్వదు. ఆ సగంలో లెవోడోపా 125, కార్బిడోపా పన్నెండున్నర. అట్ట కొన్నప్పుడల్లా పేరు కాదు, అంకె చదవండి. సి.ఆర్. బిళ్ళని నమలకూడదు, పొడి చెయ్యకూడదు. ఆరు గంటలు మెల్లగా దిగాల్సింది ఒక్క దెబ్బన దిగుతుంది.

బిళ్ళ మొదలుపెట్టిన వారం నించి వికారం. మా నాయన మానేస్తానంటున్నాడు.

లెవోడోపా మెదడులోకి పోయి, ఒంటి కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనంగా మారితేనే మనకు ఉపయోగం. దారిలోనే మారితే కడుపు తిప్పుతుంది. దారిలో మారకుండా ఆపేది కార్బిడోపా. అది రోజు మొత్తం మీద దాదాపు 75 మి.గ్రా. అయినా పడితేనే సరిగ్గా ఆపగలదు. 110 బిళ్ళలు మూడు వేసుకుంటే పడేది 30 మాత్రమే. అందుకే 110 మీద వికారం పడేవాళ్ళు ప్లస్ 125కి మారగానే కుదుటపడటం మామూలు. మార్చమని డాక్టర్ని అడగండి. ఈలోగా రెండు మేరీ బిస్కెట్లతోనో, కొంచెం జావతోనో వేసుకోండి. మొదటి రెండు మూడు వారాలు దాటితే చాలామందికి అలవాటవుతుంది.

వాంతికి బిళ్ళ కావాల్సి వస్తే డోంపెరిడోన్ ఇస్తారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ముందు ఈసీజీ చూడాలి. పెరినార్మ్ మాత్రం వద్దు. ఎందుకో కింద ఉంది.

గ్యాస్ బిళ్ళకీ, తలతిరుగుడు బిళ్ళకీ వణుకుతో సంబంధం ఏంటి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మెదడులో డోపమైన్ కూర్చునే చోటుని కొన్ని మందులు మూసేస్తాయి. అలాంటి మందు పడుతున్నంతకాలం మనిషికి పార్కిన్సన్స్ వచ్చినట్టే ఉంటుంది. నడక పొట్టిదవుతుంది, ముఖంలో కదలిక పోతుంది, చేతులు వణుకుతాయి. ముందే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకైతే ఒక్క వారంలో మంచాన పడేంత పని చేస్తుంది. పొద్దున సిండోపా తలుపు తీస్తుంటే మధ్యాహ్నం ఇది గడియ పెడుతుంది.

మన దగ్గర ఎక్కువగా దొరికిపోయేది లెవోసల్పిరైడ్. 'కడుపు ఉబ్బరానికి' అని రాబెప్రజోల్‌తోనో, పాంటోప్రజోల్‌తోనో కలిపి ఒకే గొట్టంలో ఇస్తారు. పరగడుపున రోజుకొకటి. పదిహేను రోజులకి రాసిన చీటీ మీద రెండేళ్ళు కొనుక్కుంటూ ఉంటారు. గొట్టం అట్ట వెనక చిన్న అక్షరాల్లో లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. అని ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకి చూపించి, ఉత్త పాంటోప్రజోల్ రాయమనండి.

ఇదే కోవలో వచ్చేవి ఇంకొన్ని. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), తలతిరుగుడుకిచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ (స్టెమెటిల్), సిన్నరిజిన్ (స్టూజెరాన్), మైగ్రేన్‌కిచ్చే ఫ్లునరిజిన్, మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపైన్. మానసిక జబ్బు మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. వాటి అవసరం వేరు. మార్చాలా వద్దా అన్నది రాసిన సైకియాట్రిస్టుతో తేల్చుకోవాలి.

మందు వల్ల వచ్చిన వణుకు చాలాసార్లు రెండు వైపులా ఒకేసారి మొదలవుతుంది. అసలు పార్కిన్సన్స్ ఎక్కువగా ఒక చేత్తో మొదలవుతుంది. ఇది గట్టి గీటురాయి కాదు, అనుమానానికి పనికొస్తుంది, అంతే. ఆపిన మర్నాడే తగ్గదు. వారాలు, ఒక్కోసారి ఆరు నెలలు పైన పడుతుంది. తగ్గకుండా మిగిలిపోయినవాళ్ళకి లోపల అసలు జబ్బు ముందే ఉండి ఉండొచ్చు.

వణుకు ఒక్కటే ఉండి బిగుసుకుపోవడం లేకపోతే ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్, లిథియం కూడా కారణం కావొచ్చు.

సిండోపా అన్నానికి ముందా, తర్వాతా?

ముందు. తినడానికి అరగంట ముందు, లేదా తిన్నాక గంట తర్వాత, గ్లాసు నిండా నీళ్ళతో. మాంసకృత్తులు అరిగి పేగు దాటే దారీ, లెవోడోపా దాటే దారీ ఒక్కటే. మధ్యాహ్నం చేపల పులుసు, ముద్దపప్పు, గడ్డపెరుగు తిని వెంటనే బిళ్ళ వేసుకుంటే అది దారి దొరక్క ఆగిపోతుంది. 'మధ్యాహ్నం బిళ్ళ పనిచెయ్యట్లేదు' అనేవాళ్ళని ముందు అడగాల్సింది ఏం తిన్నారని.

రోజుకి నాలుగు రాసినవాళ్ళకి ఇలా పెట్టుకుంటే కుదురుతుంది: ఆరున్నరకి బిళ్ళ, ఏడుంబావుకి టిఫిన్. పదకొండున్నరకి బిళ్ళ, పన్నెండుంబావుకి అన్నం. నాలుక్కి బిళ్ళ, ఆ తర్వాత టీ. ఏడున్నరకి బిళ్ళ, ఎనిమిదింబావుకి రాత్రి భోజనం. జబ్బు మొదట్లో, ఇంకా ఒక్కో డోసు చాలాసేపు పనిచేసే రోజుల్లో, ఇంత లెక్క అక్కర్లేదు. ముదిరినవాళ్ళకే గడియారం కావాలి.

అలాగని పప్పు, చేప మానెయ్యొద్దు. కండ కరిగిపోయి పడిపోతారు. పగలు తగ్గించి, రాత్రికి జరపండి. రక్తం పట్టే ఐరన్ బిళ్ళ సిండోపాకి కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బయటికి పోతాయి. బి కాంప్లెక్స్ గురించి పాత భయం ఒకటుంది. కార్బిడోపా కలిసిన బిళ్ళ వాడేవాళ్ళకి మామూలు బి కాంప్లెక్స్‌తో ఇబ్బంది లేదు.

మలబద్ధకానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. జబ్బు పేగుని మందగింపజేస్తుంది, వణుకుకిచ్చే పాసిటేన్ ఇంకా చేస్తుంది. పేగు కదలకపోతే బిళ్ళ కడుపులోనే కూర్చుని గంట ఆలస్యంగా ఎక్కుతుంది. ఇసబ్‌గోల్ వేసుకుంటే నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే అదే గట్టిపడి అడ్డం పడుతుంది. లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రోజూ వాడుకునే మందులే. డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

మొదట్లో బాగా పనిచేసింది. ఇప్పుడు రెండు గంటలకే ఆగిపోతోంది. ఇంకో బిళ్ళ వేసేద్దామా?

వెయ్యొద్దు. మొదట మూడు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. బిళ్ళ వేసిన టైము, ఒళ్ళు వదులైన టైము, మళ్ళీ బిగుసుకున్న టైము, ఒళ్ళు ఊగడం మొదలైన టైము. ఈ నాలుగూ ఉంటే డాక్టరు పావుగంటలో తేల్చేస్తారు. లేకపోతే ఊహించి రాయాల్సి వస్తుంది.

చివరిది ఎందుకంటే, బిళ్ళ ఎక్కువైనప్పుడు కూడా ఒళ్ళు కదులుతుంది. జబ్బు వణుకు కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఒకే లయలో వస్తుంది. మందు ఎక్కువైనప్పటి కదలిక పాములా మెలికలు తిరుగుతుంది. తల, భుజం, నడుము ఊగుతాయి, అదీ బిళ్ళ వేసిన గంట, గంటన్నరకి. ఇంట్లోవాళ్ళు దీన్ని వణుకు అనుకుని ఇంకో అర బిళ్ళ వేస్తారు, ఊగుడు రెట్టింపవుతుంది. నోటుబుక్కు చూసి డాక్టరు ఒక్కో డోసు తగ్గించి ఎక్కువసార్లు వెయ్యమనొచ్చు, ఎంటకపోన్ 200 మి.గ్రా. కలపొచ్చు, రసాజిలిన్ పెట్టొచ్చు, ఊగుడు బాగా ఉంటే అమాంటడిన్ ఇవ్వొచ్చు.

ఎంటకపోన్ వాడితే ఒంటికి నారింజ రంగులో పోస్తుంది. అది రక్తం కాదు, కంగారొద్దు. నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మాత్రం చెప్పాలి. లెవోడోపా వల్ల కూడా చెమట, ఉమ్మి ముదురు రంగుకి మారి బనియన్ మీద మరకలు పడొచ్చు.

మంచం దిగి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతున్నాడు.

నిలబడగానే బీపీ దిగిపోతోంది. జబ్బు కొంత, లెవోడోపా కొంత, పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్ ఇంకొంత. వీటికి తోడు పదేళ్ళ కిందట రాసిన బీపీ బిళ్ళ, ప్రోస్టేట్‌కి రాసిన టామ్సులోసిన్. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే రాసుకుని తీసుకెళ్ళండి. కూర్చోబెట్టి చూసిన బీపీలో ఇది కనపడదు. తగ్గించాల్సింది చాలాసార్లు బీపీ బిళ్ళనే, సిండోపాని కాదు. గుండె, కిడ్నీ బాగుంటే నీళ్ళు, మజ్జిగ, ఉప్పు కొంచెం పెంచమంటారు. లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడాలి.

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడితే జూదం అలవాటవుతుందంటారు. నిజమేనా?

నిజం. అందరికీ కాదు, కానీ అరుదు కూడా కాదు. ఫోనులో రమ్మీ, క్రికెట్ పందేలు, అక్కర్లేని కొనుగోళ్ళు, హద్దు లేని తిండి, హద్దు లేని కామం. మనిషి గుణం చెడిందని ఇంట్లో గొడవలయ్యాక ఎప్పటికో బిళ్ళ సంగతి బయటపడుతుంది. ఎకౌంటులో డబ్బులు తెలియకుండా తగ్గుతుంటే ముందు మందుల చీటీ చూడండి. రోగి తనంతట తను చెప్పడు, సిగ్గు.

రెండోది, చెప్పకుండా పట్టుకునే నిద్ర. తిండి తింటూ, మాట్లాడుతూ కూలబడతారు. హైవే మీద బండి నడిపేవాళ్ళు, చెరువు గట్టున ఒంటరిగా పనిచేసేవాళ్ళు మోతాదు కుదుటపడే దాకా ఆ పని మానాలి. కాళ్ళ వాపు కూడా వస్తుంది. ఇవి కనపడినా ఒక్కరోజులో ఆపెయ్యకూడదు. మెల్లమెల్లగా తగ్గించకపోతే విపరీతమైన దిగులు, ఆందోళన, చెమటలు పడతాయి.

పాసిటేన్ వాడుతున్నాం. ఎండాకాలం జాగ్రత్త అన్నారు, ఎందుకు?

పాసిటేన్ (ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా.) చెమటని తగ్గిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో చెమట పట్టని ముసలి ఒళ్ళు చల్లబడే దారి లేదు. ఒళ్ళు కాలుతూ, చెమట లేకుండా, మాట తడబడితే వడదెబ్బే. నీడకి తెచ్చి, తడిగుడ్డలతో తుడుస్తూ 108కి ఫోన్ చెయ్యండి.

ఇదొక్కటే కాదు. నోరు ఎండటం, ఒంటికి ఆగిపోవడం, చూపు మసక, మతిమరుపు. ఒక రకం నీటికాసులు ఉన్నవాళ్ళకి కన్ను పోయే ప్రమాదం. వయసులో ఉన్నవాళ్ళకి, మెడ తిరుగుడు ఉన్నవాళ్ళకి మంచి మందే. అరవై అయిదు దాటినవాళ్ళకి మాత్రం వణుకు కాస్త తగ్గించి బుద్ధిని మందగింపజేసే బేరం, చాలాసార్లు గిట్టుబాటు కాదు. చవకని ఏళ్ళ తరబడి కొనసాగుతూ ఉంటుంది. ఇంకా అవసరమా అని అడగండి. ఆపేటప్పుడు మెల్లగానే.

కిడ్నీ కొంచెం తేడాగా ఉంది. ఏ మందుకి భయపడాలి?

అమాంటడిన్, ప్రమిపెక్సోల్. రెండూ కిడ్నీ గుండానే బయటికి పోవాలి. పోకపోతే పేరుకుని మతిభ్రమ, ఒళ్ళు అదరడం, లేని మనుషులు కనపడటం మొదలవుతాయి. కనిగిరి, పొదిలి వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ. ఆ ఊళ్ళ నించి వచ్చేవాళ్ళు ఈ రెంటిలో ఏది మొదలుపెట్టేముందైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని రిపోర్టు చూపించాలి. అటు నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో నడుము, కీళ్ళు బిగుసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ బిగుతుకి సిండోపా పనిచెయ్యదు.

అమాంటడిన్ రెండో డోసు మధ్యాహ్నం లోపే వెయ్యాలి, సాయంత్రం వేస్తే నిద్ర రాదు. కాళ్ళ మీద వల వేసినట్టు ఊదారంగు మచ్చలు రావొచ్చు. చూడ్డానికి భయమే గానీ ప్రమాదం కాదు.

రాత్రిళ్ళు గదిలో ఎవరో ఉన్నారంటోంది మా అవ్వ. గాలి సోకిందా?

సోకలేదు. ముందు జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం చూడాలి. ముసలివాళ్ళలో ఈ మూడూ ఇదే రూపంలో వస్తాయి. అవి లేకపోతే మందులు. డాక్టర్లు సాధారణంగా పాసిటేన్ ముందు, తర్వాత అమాంటడిన్, తర్వాత ప్రమిపెక్సోల్ రకం తగ్గిస్తూ వస్తారు. సిండోపాని ఆఖరికి ముట్టుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే క్వెటియపిన్ చిన్న మోతాదులో, లేదా రక్తపరీక్షలు చేయిస్తూ క్లోజపిన్ ఇస్తారు. క్యాజువాలిటీలో 'నిద్ర పట్టేట్టు' హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇవ్వబోతే పార్కిన్సన్స్ ఉందని గట్టిగా చెప్పండి.

రసాజిలిన్ వాడుతూ దగ్గు మందు తాగొచ్చా?

సీసా మీద డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అని ఉంటే వద్దు. నొప్పులకిచ్చే ట్రమడాల్, ఆపరేషనప్పుడిచ్చే పెథిడిన్ కూడా వద్దు. సెలిజిలిన్‌కీ ఇదే వర్తిస్తుంది. కలిస్తే జ్వరం, చెమటలు, ఒళ్ళు అదరడం, బీపీ పేలిపోవడం. దిగులుకి బిళ్ళలు వాడుతుంటే ముందే చెప్పాలి.

పార్కిన్సన్స్ కాదన్నారు. గ్లాసు పట్టుకుంటేనే చెయ్యి వణుకుతుంది.

వంశంలో వచ్చే వణుకు కావొచ్చు. దీనికి ప్రొప్రనలాల్ (సిప్లార్) మంచి మందు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి పనికిరాదు, ఊపిరి బిగిస్తుంది. షుగరు బిళ్ళలో ఇన్సులినో వాడేవాళ్ళకి షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకుండా చేస్తుంది. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. రెండో మందు ప్రిమిడోన్, రాత్రిపూట చిటికెడు మోతాదుతో మొదలుపెట్టాలి. మొదటి డోసుకే మత్తు, తూలుడు వస్తాయి.

మెడ ఒక పక్కకి తిరిగిపోయింది. ఇంజెక్షన్ అంటున్నారు.

బొటులినం టాక్సిన్. లాగుతున్న కండరంలోకే సూది. వారంలోపు మొదలై, రెండు నించి నాలుగు వారాలకి పూర్తిగా పట్టి, మూడు నెలలకి దిగిపోతుంది. పన్నెండు వారాల లోపు మళ్ళీ వేయించుకోకూడదు. మెడకి వేస్తే కొన్నాళ్ళు మింగడం కష్టం కావొచ్చు, రెప్పలకి వేస్తే రెప్ప వాలొచ్చు. రెండూ దిగిపోయేవే. మింగలేక పొరపోతుంటే మాత్రం ఆరోజే చూపించాలి. కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ బిళ్ళలు వాడేవాళ్ళు అయిపోయాక కొందాంలే అనుకోకూడదు. ఠక్కున ఆగితే మూర్ఛ రావొచ్చు.

చేతులు కాళ్ళు వాటంతట అవే ఎగిరిపడుతున్నాయి, టెట్రాబెనజిన్ రాశారు.

పన్నెండున్నర మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికింత పెంచుతారు. కదలిక బాగా తగ్గిస్తుంది. కానీ దిగులు తెస్తుంది, చచ్చిపోవాలనే ఆలోచన కూడా. ఇంతకుముందు దిగులు జబ్బు ఉంటే దాచకుండా చెప్పండి. మనిషి మాట తగ్గి, తిండి తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. మోతాదు ఎక్కువైతే పార్కిన్సన్స్ లాగా బిగుసుకుంటారు కూడా.

ఏళ్ళ తరబడి మానసిక జబ్బు మందులో, పెరినార్మో వాడాక వచ్చే నోరు నమలడం, నాలుక బయటికి రావడానికీ ఈ జాతి మందులే. దానికి పాసిటేన్ ఇస్తే ఇంకా పెరుగుతుంది.

దూలగొండి గింజల పొడి మంచిదంటున్నారు.

అందులో నిజంగానే లెవోడోపా ఉంది. సమస్యా అదే. చెంచాలో ఎంత పోయిందో తెలియదు, కార్బిడోపా ఉండదు. సిండోపాతో కలిపి వేస్తే వాంతులు, ఊగుడు, బీపీ పడిపోవడం. వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, తిడతారని దాచొద్దు. దాస్తే సిండోపా లెక్కే తప్పుతుంది.

ఒక డోసు మర్చిపోతే?

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు టైము దగ్గర పడితే మర్చిపోయినదాన్ని వదిలెయ్యండి. రెండూ కలిపి వెయ్యొద్దు.

ఊరెళ్ళినప్పుడు, ఆపరేషనప్పుడు రెండు రోజులు ఆపొచ్చా?

ఆపకూడదు. లెవోడోపా ఠక్కున ఆగితే కొందరికి తీవ్రమైన జ్వరం, కట్టెలా బిగుసుకోవడం, స్పృహ తప్పడం వస్తాయి. ప్రాణాపాయం. తిరుమల క్యూలోకైనా, రొట్టెల పండగ రద్దీలోకైనా ఆ రోజు బిళ్ళలు రోగి జేబులో ఉండాలి, లగేజీలో కాదు. రంజాన్ ఉపవాసం ఉండాలనుకునేవాళ్ళు నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఆపరేషనప్పుడు 'పరగడుపున రండి' అంటే అన్నం మాట. మత్తు డాక్టర్ని అడిగి పొద్దుటి డోసు రెండు గుక్కల నీళ్ళతో వేయించండి. మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా మామూలు రకం కరిగించి ఇస్తారు, సి.ఆర్. కాదు. వాంతులకి పెరినార్మ్ వద్దని కేసు షీటు మీద రాయించండి.

డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి?

చీటీ కాదు, బిళ్ళలే. ఇంట్లో ఉన్న అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. గ్యాస్‌వీ, బీపీవీ, పొడులూ, దగ్గు సీసా కూడా. నెల్లూరు పెద్దాసుపత్రికి పోయినా, ఒంగోలు రిమ్స్‌కి పోయినా, ప్రైవేటుకి పోయినా ఇదే. మూడు రోజుల నోటుబుక్కు, నిలబెట్టి చూసిన బీపీ, క్రియాటినిన్ రిపోర్టు జతచెయ్యండి. ఒళ్ళు ఊగేటప్పుడు ఫోనులో అరనిమిషం వీడియో తీసి, బిళ్ళ వేసి ఎంతసేపయిందో చెప్పండి. ఓపీకి వెళ్ళేరోజు బిళ్ళలు మానేసి వెళ్ళొద్దు. డాక్టరు అలా రమ్మని ముందే చెప్పి ఉంటే తప్ప.